ఆరు హ్యాష్‌ల డైరెక్టర్ గారు

గింజ మొలుస్తుందా లేదా అని చెప్పడానికి ప్రభుత్వం ఒక మండలిని పెట్టింది. దాని పేరు రాష్ట్ర మొలకల మండలి. తడి కాగితంలో చుట్టి వెచ్చగా పెడితే పత్తి గింజ వారం తిరిగేసరికి తన సంగతి తనే చెప్పేస్తుంది. ఆ సంగతిని రైతు చెవిన వేయడానికి మాత్రం మండలికి ఒక్కోసారి పంటకాలమంతా పట్టేది. గింజకు కావలసినవి తడి, వెచ్చదనం. నివేదికకు కావలసినవి సంతకాలు. అవి ఏ కార్తెలో మొలుస్తాయో చెప్పే పరీక్ష ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

జిల్లా ప్రయోగశాలలో అనలిస్టుగా పనిచేసే దమయంతికి ఈ ఆలస్యమంటే ఒళ్లుమంట. ఆమె నివేదిక టైపు చేసి రాజధానికి పంపితే అక్కడి కంప్యూటర్‌లో పట్టికలు చెదిరిపోయి, గింజ పేరు ఒక పేజీలో, దాని ఫలితం ఇంకో పేజీలో తేలేవి. "సరిచేసి సమర్పించవలెను" అని తిరుగుటపాలో వచ్చేది. సరిచేసి పంపితే ఇంకోలా చెదిరేది. ఈ ముచ్చట తేలేలోపు వానలు వచ్చి వెళ్లిపోయేవి.

విసిగి వేసారి, నిరుడు ఆమె తన కంప్యూటర్‌లో రెండు చిన్న సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకుంది. రెండూ ఓపెన్ సోర్స్‌వి. అంటే ఎవరో పుణ్యాత్ములు రాసి, లోపలి గుట్టు కూడా దాచుకోకుండా, వాడుకోండర్రా అని ఊరికే వదిలేసినవి. మొదటిది మార్క్‌డౌన్ ప్రివ్యూ. తెర మీద ఎడమవైపు మామూలుగా రాసుకుంటూ పోవాలి. శీర్షిక కావాలంటే ఆ వాక్యం ముందు ఒక హ్యాష్ గుర్తు (#) పెడితే సరి, కుడివైపు అది పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. రెండు హ్యాష్‌లు పెడితే అంతకంటే చిన్న అక్షరాలు, మూడు పెడితే ఇంకా చిన్నవి, అలా ఆరు దాకా. రెండో సాఫ్ట్‌వేర్ ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ని తెచ్చి మన కంప్యూటర్‌కు తగిలిస్తుంది. దాన్నే మౌంట్ చేయడం అంటారు. రాజధానిలోని డైరెక్టర్ గారి ఫోల్డర్ దమయంతి తెర మీద ఆమె సొంత బీరువా అరలాగా తెరుచుకునేది. నివేదికను అందులో "వచ్చినవి" అనే అరలో పడేస్తే, అక్కడ డైరెక్టర్ గారు చూసి "ఆమోదించినవి" అనే అరలోకి జరిపేవారు. జరిగిన మరుక్షణం అది ప్రయోగశాల గేటు పక్కన గోడకు బిగించిన టీవీలో, ప్రివ్యూ కుడివైపు చూపించినట్టే పెద్దా చిన్నా అక్షరాలతో కనబడేది. నిరుడు రైతులు రోడ్డు మీద నిలబడే చదువుకుని వెళ్లారు. పైనుంచి ఎవరూ మెచ్చుకోలేదు. ఎవరూ గమనించలేదు కాబట్టే అంతా సవ్యంగా సాగింది.

ఈ ఏడాది గమనించారు. డైరెక్టర్ పరాంకుశం గారు వేసవిలో ఏదో సదస్సుకు వెళ్లి, భుజాన ఒక గుడ్డసంచి, ఛాతీ మీద ఒక బ్యాడ్జి వేలాడేసుకుని, ఓపెన్ సోర్స్ భక్తుడై తిరిగొచ్చారు. మన మండలి సమస్తం ఓపెన్ సోర్స్ కావలసిందేనన్నారు. ఒక జిల్లాలో ఎవరో అనలిస్టు ఇదివరకే ఇలాంటివేవో వాడుతోందని తెలిసి, ఆ పద్ధతినే అన్ని జిల్లాలూ పాటించాలని ఉత్తర్వు వేశారు. దమయంతి సంబరపడింది. పాపం, సంబరపడటం ఆమె తప్పు కాదు.

ఆ రోజుల్లోనే ఐలయ్య వచ్చాడు. దారంతో చెవులకు కట్టుకున్న కళ్లద్దాలు, చేతిలో పత్తి గింజల ప్యాకెట్.

"బిడ్డా, మా ఊరంత ఒక్క దుకాణంలనే కొన్నరు. చేతిల పోసుకుంటే తాలు లెక్క తేలిపోతున్నయి. జర చూసి చెప్పు" అన్నాడు.

దమయంతి చూసింది. వంద గింజలు చుట్టిపెడితే పట్టుమని పది మొలవలేదు. మిగతావి కాగితంలోనే కుళ్లిపోయాయి. ఐలయ్య మళ్లీ వచ్చిన రోజున ఆమె దాచకుండా చెప్పింది.

"ఇవి మొలవయి తాతా. వెయ్యకు."

"నువ్వు చెప్తే నేను నమ్ముత. దుకాణపాయన నమ్మాలె గద? మండలి ఫలితం చూపిస్తేనే ప్యాకెట్లు వాపసు తీసుకుంటడట. మా ఊరోళ్లు నా మాట ఇంటరా? మొగులు పట్టుడే ఆలస్యం, దుక్కుల మీద పడేటట్టున్నరు. ఒక్కసారి భూమిల పడ్డంక ఇంకేముంది? ఈ కారు పంట పాయె."

"నాలుగు రోజులల్ల టీవీల వస్తది తాతా. నాది పూచీ" అంది దమయంతి. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తరవాత చాలాసార్లు అనుకుంది.

మర్నాడే వీడియో కాన్ఫరెన్స్. కొత్త పద్ధతి ఎలా ఉంటుందో చూపించమంటే ఆమె ఐలయ్య గింజల నివేదికనే తెరిచింది. తెర కుడి సగాన్ని అధికారుల ముఖాలు ఆక్రమించుకోవడంతో అందరికీ ఎడమ సగమే కనబడింది. డైరెక్టర్ గారు తన పేరు వెతుక్కున్నారు. దాని ముందు మూడు హ్యాష్‌లు ఉన్నాయి. ముఖం వికసించింది. తరవాత జాయింట్ డైరెక్టర్ పేరు చూశారు. దాని ముందూ మూడే ఉన్నాయి. ముఖం ముడుచుకుంది.

"ఈ చిహ్నముల కేటాయింపు ఏ ప్రాతిపదికన జరిగినది?" అని అడిగారు. ఆయన ఇంట్లో మామూలుగానే మాట్లాడతారట. మైకు ముందు మాత్రం ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది.

"ప్రాతిపదిక అంటూ ఏం లేదు సార్. అక్షరాల సైజు కోసం..."

"పోలీసు అధికారి భుజము మీది నక్షత్రములు కూడా సైజు కొరకేనా?"

ఆ సంగతి తేల్చడానికి హ్యాష్ ప్రాధాన్య నిర్ధారణ సంఘం ఏర్పడింది. సంఘం కూర్చుని, టీ తాగి, లేచి, మళ్లీ కూర్చుని తేల్చినదేమంటే, నివేదికలో అందరికంటే చిన్న ఉద్యోగి అయిన అనలిస్టుకు ఒక హ్యాష్. సీనియర్ అనలిస్టుకు రెండు. అలా మెట్టుకొకటి పెంచుకుంటూ పోగా జాయింట్ డైరెక్టర్‌కు ఐదు, డైరెక్టర్ గారికి ఆరు. అప్పుడు ఒక సభ్యుడు లేచి, మరి ఫలితం ఏ కేడర్‌కు చెందుతుందని అడిగాడు. నివేదికలో ఫలితం కూడా ఉంటుందన్న సంగతి అప్పుడే అందరికీ తట్టింది. ఫలితానికి సర్వీసు రిజిస్టరు లేదు, ఉద్యోగంలో చేరిన తేదీ లేదు. చివరికి, ఫలితం అనలిస్టు చేతి మీదుగా పుట్టింది కాబట్టి దానికీ అనలిస్టు హోదాయే వర్తిస్తుందని, ఒక హ్యాష్ ఇచ్చి సరిపెట్టారు.

రెండో వీడియో కాన్ఫరెన్స్‌లో దమయంతి ముఖాలన్నీ పక్కకు నెట్టి కుడి సగం కూడా చూపించింది. ఐలయ్య గింజల ఫలితం తెర నిండా అరటికాయలంత అక్షరాల్లో ఉంది. దాని కింద సీనియర్ అనలిస్టు, ఆయన కింద ఇంకొకరు, మెట్టు మెట్టుకూ చిక్కిపోతూ వచ్చారు.

"నా పేరు ఎచట?" అన్నారు డైరెక్టర్ గారు.

"అడుగున ఉంది సార్. చీమల బారులాగా ఉన్నదే, అది."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. "హ్యాష్‌లు చాలలేదేమో. మరొకటి చేర్చుడు."

ఏడోది చేర్చగానే సాఫ్ట్‌వేర్ ఆయన్ను శీర్షికగా గుర్తించడమే మానేసింది. ఏడు హ్యాష్‌లూ యథాతథంగా తెర మీదకొచ్చి కంచె గుంజల్లా నిలబడ్డాయి. వాటి వెనకాల డైరెక్టర్ గారు, అడ్రసు, ఫోన్ నంబరు అక్షరాలతో కలిసిపోయి ఉన్నారు.

"మన హ్యాష్‌లు తప్పెట్లైతయి సార్, ఉత్తర్వు ఉండగా?" అని జాయింట్ డైరెక్టరే పరిస్థితిని కాపాడాడు. "ఎడమపక్కది అసలు పత్రం. కుడిపక్కది వట్టి వదంతి."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. "పై అధికారి వీక్షించుటకు పూర్వమే పత్రము ఎట్లుండునో కింది ఉద్యోగి వీక్షించుట క్రమశిక్షణకు భంగకరము. కావున ప్రివ్యూ తక్షణమే నిషేధింపబడినది. హ్యాష్‌లు యథాతథముగా కొనసాగును." గేటు దగ్గర టీవీ సంగతి ఉత్తర్వులో లేదు. ఎవరికీ గుర్తులేదు. నివేదిక ఆమోదం పొందితే కదా అందులో ఏదైనా కనబడేది.

మౌంటింగ్ వంతు ఆ తరవాత వచ్చింది. డైరెక్టర్ గారి ఫోల్డర్ జిల్లాలో కనబడుతుందంటే డైరెక్టర్ గారు ఎక్కడున్నట్టు అని రాజధానిలో ఎవరో మేధావి ఫైలు నడిపాడు. న్యాయసలహా తీసుకున్నారు. ఫోల్డర్ ఎక్కడ మౌంట్ అయితే అధికారి అక్కడ క్యాంపులో ఉన్నట్టే భావించాలని, క్యాంపు మర్యాదలన్నీ లోటు లేకుండా జరగాలని తేల్చారు.

ప్రయోగశాలకు అధిపతి డిప్యూటీ డైరెక్టర్ మురహరిరావు. ఇరవై ఏళ్లుగా సంజాయిషీ అడిగే మెమో ఒక్కటి కూడా అందుకోని మనిషి. ఉత్తర్వు చదివాక ఆయన తన గదిలోని ఎత్తు వీపు కుర్చీని మోయించుకొచ్చి దమయంతి కంప్యూటర్ పక్కన వేయించాడు. వీపు మీద తెల్ల టర్కీ టవల్, ముందు స్టూలు మీద నీళ్ల సీసా, ఇంత పూలగుత్తి. పొద్దున్నే వచ్చి కుర్చీకి నమస్కారం పెట్టి, "డైరెక్టర్ గారు ఇచట క్షేమముగా ఉన్నారు" అని రాజధానికి, అంటే డైరెక్టర్ గారికే, రోజూ మెయిలు పంపేవాడు.

అటెండర్ ఎల్లవ్వ చీపురు పట్టుకుని నిలబడి అడిగింది. "సారు లేస్తడా, కాళ్లు మీదికి వెట్టుకుంటడా? కిందంత దుమ్మున్నది."

"నోరు ముయ్యి ఎల్లవ్వా, సార్ వింటడు" అన్నాడు మురహరిరావు.

సాయంత్రం ఇంటికి పోతూ దమయంతి ఫోల్డర్‌ను దించబోతే ఆయన పరుగున వచ్చాడు. "దించుడా? డైరెక్టర్ గారిని? నేనుండంగ? నీకు చేతులెత్తి మొక్కుతనమ్మా, అట్లనే ఉండనియ్యి." అప్పటినుంచి ఫోల్డర్ దిగలేదు. మధ్యలో ఒకసారి నెట్ పోయి తెర బిగుసుకుపోతే, సార్ అలిగారనుకుని మురహరిరావు మధ్యాహ్నం అన్నం మానేశాడు.

ఈ భాగోతమంతా జరుగుతుండగా ఐలయ్య నివేదిక "వచ్చినవి" అరలో అలాగే పడి ఉంది. నాలుగు రోజులన్నది ఎప్పుడో దాటిపోయింది. ఐలయ్య రోజూ వచ్చి గేటు దగ్గర ఖాళీ టీవీని చూసి, లోపలికి కూడా రాకుండా తిరిగిపోతున్నాడు. అది కిటికీలోంచి చూసినప్పుడల్లా దమయంతికి సిగ్గుతో తల కొట్టేసినట్టయ్యేది. లోపలికొచ్చి నాలుగు తిట్టినా బాగుండుననుకునేది. ఆ రోజు ఆకాశం నల్లబడింది. ఆమె రాజధానికి ఫోన్ చేసింది. డైరెక్టర్ గారి పీఏ సుగుణాకర్ ఎత్తాడు.

"సార్ క్యాంపులో ఉన్నారు మేడం."

"ఎక్కడ?"

"మీ దగ్గర్నే. అన్ని జిల్లాలలో కూడా ఉన్నారు. ఇక్కడ తప్ప అంతటా ఉన్నారు."

ఫోన్‌లో వెనకనుంచి ఎవరో గట్టిగా దగ్గారు.

"మరి లోపల దగ్గుతున్నదెవరు?"

"సారే. కాని ఆన్ రికార్డ్ మీ దగ్గరున్నరు గద మేడం. నేను అడిగిన కూడా. నేను ఇక్కడ లేనప్పుడు ఇక్కడ ఆమోదం ఎట్లిస్తనయ్యా అని కోప్పడ్డరు. రూల్ ప్రకారం కరెక్టే."

"ఇన్‌చార్జి ఎవరన్న ఉంటరు గద?"

"ఇన్‌చార్జిని వెయ్యాలంటే సార్ సంతకం పెట్టాలె. సార్ క్యాంపులో ఉన్నారు."

దమయంతి ఫోన్ పెట్టేసింది. బయట ఉరిమింది. గేటు దగ్గర ఐలయ్య ఒక్కడే కాదు, వాళ్ల ఊరివాళ్లు ఓ ట్రాలీ ఆటో నిండా వచ్చి నిలబడ్డారు. సగంమంది ఐలయ్యను నమ్మి వచ్చినవాళ్లు, సగంమంది అతనితో పోట్లాడుతూ వచ్చినవాళ్లు. ఒకడు ఆకాశం వైపు చేయి చూపించి అరుస్తున్నాడు. ఈ ఒక్క వానకు గింజ పడకపోతే మళ్లీ అదును దొరకదన్న ఆత్రం అందరి ముఖాల్లోనూ ఉంది.

ఆమె తిరిగి కుర్చీ వైపు చూసింది. టవల్ చూసింది. పూలగుత్తి చూసింది. నెమ్మదిగా వెళ్లి మురహరిరావును పిలుచుకొచ్చింది.

"సార్, డైరెక్టర్ గారు క్యాంపుల ఉన్నరు గద?"

"ఉన్నరు. మెల్లగ మాట్లాడు."

"క్యాంపుల ఉన్న ఆఫీసర్ ముందు అర్జెంటు ఫైలు పెట్టొచ్చు గద?"

"పెట్టొచ్చు. పెట్టాలె కూడా." అలవాటుగా అనేశాడు. అన్నాక ఏదో తేడాగా ఉందని తోచి నుదురు తుడుచుకున్నాడు.

దమయంతి కుర్చీ ముందు నిలబడి నివేదిక మొత్తం పైకి చదివింది. లాటు నంబరు, దుకాణం పేరు, మొలకలెన్ని, కుళ్లినవెన్ని. చదివి, "ఆమోదం కోసం సమర్పిస్తున్నా సార్" అని చేతులు కట్టుకుని నిలబడింది. మురహరిరావు కుర్చీని చూశాడు, తలుపును చూశాడు, తలుపు దూరంగా ఉంది.

"సార్ అభ్యంతరం ఏం చెప్పలేదు" అంది దమయంతి.

"ఎట్ల చెప్తడమ్మా, అక్కడ..." అని ఆగిపోయాడు మురహరిరావు. అక్కడ ఎవరూ లేరు అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఉత్తర్వును ధిక్కరించినట్టు. పైగా డైరెక్టర్ గారు క్షేమమని రోజూ తన చేత్తోనే మెయిళ్లు పెట్టాడు. ఇరవై ఏళ్ల మెమో లేని బతుకు కళ్లముందు కదలాడింది.

"ఎట్ల చెప్తడు అంటే... నోటితోని చెప్పాలె గద. ఆమోదమన్నా చెప్పాలె. ఊరకుంటే ఎట్ల?" అన్నాడు చివరికి.

ఎల్లవ్వ ఇదంతా గోడకానుకుని చూస్తోంది. ఉక్కగా ఉందో ఏమో, వెళ్లి ఫ్యాన్ స్విచ్ వేసింది. రెక్కలు గిరగిరా తిరిగి, కుర్చీ వీపు మీది టవల్ ముందుకు వంగి లేచి, మళ్లీ వంగింది.

"సారు తలకాయ ఊపిండు" అంది ఎల్లవ్వ. "నేను చూసిన."

"నేనూ చూసిన" అంది దమయంతి.

ఇద్దరూ మురహరిరావు వైపు చూశారు. ఆయన టవల్ వైపు చూశాడు. అది ఆగకుండా ఊపుతూనే ఉంది. డైరెక్టర్ గారు అంత ఉత్సాహంగా దేనికీ ఒప్పుకోగా మురహరిరావు తన సర్వీసులో చూడలేదు. "క్యాంపులో సార్ మౌఖిక ఆదేశం మేరకు అని రాయి" అన్నాడు నీరసంగా. దమయంతి రాసింది. ఆయన సాక్షి సంతకం పెట్టాడు. ఆమె నివేదికను పట్టి "ఆమోదించినవి" అరలోకి జరిపింది.

గేటు పక్కన టీవీ వెలిగింది. మొలకల మండలి ఉత్తర్వులో నిర్దేశించిన హోదాకు తగ్గట్టు, అందరికంటే చిన్నదైన ఫలితం తెర నిండా పరుచుకుంది. ఈ లాటు గింజ మొలవదు, విత్తవద్దు. రోడ్డు అవతల టీకొట్టులో కూర్చున్నవాళ్లు కూడా లేచి చదివారు. దాని కింద చిక్కిపోతున్న పేర్లను ఎవరూ పట్టించుకోలేదు. ఐలయ్య కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో అక్షరం పైకి చదివాడు. ఇందాక అతనితో పోట్లాడినవాడే సెల్‌ఫోన్ తీసి ఫొటో కొట్టుకున్నాడు.

"నడువుండ్రి, దుకాణం మూసేటట్టున్నడు" అన్నాడు ఐలయ్య. ట్రాలీ ఆటో వెనక్కి తిరిగేసరికి మొదటి చినుకు పడింది. దమయంతి కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చింది. ఎల్లవ్వ వెళ్లి ఫ్యాన్ ఆపేసింది.

రాజధాని నుంచి మెమో వస్తుందని మురహరిరావు మంచమెక్కాడు. వచ్చింది మెమో కాదు. క్యాంపులో ఉంటూనే ఒక నివేదికను అక్కడికక్కడ ఆమోదించిన తన చురుకుదనం గురించి డైరెక్టర్ గారు చదువుకుని పొంగిపోయారు. ఒక్క విషయమే ఆయనకు కొరుకుడు పడలేదు. టీవీ ఫొటో ఆయన దాకా వెళ్లింది. అందులో ఫలితం ఆయనకంటే మరీ పెద్దగా ఉంది. ఫలితానికి అనలిస్టు హోదా కాబట్టి, అనలిస్టు హోదా పెంచితే అన్నీ చక్కబడతాయని సంఘం తేల్చింది. దమయంతికి వరసగా మెట్లు దాటించి, ఐదు హ్యాష్‌ల హోదాలో ప్రమోషన్ ఇచ్చారు.

ఉత్తర్వు చేతికొచ్చిన రోజు ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది. ఆ మెట్లలో మొదటిదాని కోసమే ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తోంది. ఇంట్లో చెబితే పండగ చేసుకుంటారు. మురహరిరావు స్వయంగా లడ్డూ తెచ్చి నోట్లో పెట్టాడు. అప్పుడే ఐలయ్య వచ్చాడు. మార్చుకున్న గింజ బాగా మొలిచిందట. ఈసారి కంది గింజలు మూటకట్టుకుని తెచ్చాడు, వేసేముందే చూపించుకుందామని.

"ఏంది బిడ్డా, లడ్డూలు?"

"ప్రమోషన్ వచ్చింది తాతా."

"మంచిగయింది! మరి ముఖం గట్లున్నదేంది?"

"నేను పెద్దదాన్నైతే ఫలితం అక్షరాలు చిన్నగైతయి తాతా. రోడ్డు మీదికి కనవడయి. దగ్గరికొచ్చి చూసినా కష్టమే."

ఐలయ్య ఇదేం లెక్కనో వేళ్ల మీద తేల్చుకోబోయాడు. తేలలేదు. దారం కట్టిన కళ్లద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏమో బిడ్డా, నీ ఇష్టం. నా అద్దాలైతే పాతయి."

దమయంతి లడ్డూ పక్కన పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒక హ్యాష్ కొట్టి, దాని పక్కన, నాకు ఈ ప్రమోషన్ వద్దు అని రాసింది. లేచి కుర్చీ ముందుకు వెళ్లి చదివి వినిపించింది.

"సార్ ఒప్పుకోడమ్మా" అన్నాడు మురహరిరావు.

ఎల్లవ్వ లేచి వెళ్లి ఫ్యాన్ వేసింది.